బిడ్డ తల ఇంకా పైనే ఉంది, ఇప్పుడేం చెయ్యాలి మేడం?

ప్రశ్న: మేడం, నాకు 26 ఏళ్ళు, ఇదే మొదటి కాన్పు. సీమంతం అయ్యాక తెనాలి దగ్గర మా అమ్మావాళ్ళింటికి వచ్చేశాను, మా ఆయన హైదరాబాద్‌లో జాబ్. ఇప్పుడు నాకు 35 వారాల 5 రోజులు. మొన్న స్కాన్‌లో బేబీ బ్రీచ్ అన్నారు, పిర్రలు కిందకి, కాళ్ళు రెండూ పైకి చాపుకుని ఉందంట. బరువు 2.5 కేజీలు, ఉమ్మనీరు బానే ఉంది, మాయ పైన వెనక వైపు ఉంది అని రాశారు. డాక్టర్ గారు "ఇంక తిరగదులే, 37 దాటాక ఆపరేషన్ చేసేద్దాం, మంచి రోజు చూసుకుని చెప్పండి" అన్నారు. అత్తయ్యగారు అప్పుడే ముహూర్తం పెట్టించేశారు, అది 37 వారాల 2 రోజులకి పడుతోంది. పడుకుని పక్క మారేటప్పుడు నేను లేచి కూర్చుని తిరగలేదనీ, అందుకే ఇలా అయ్యిందనీ అంటున్నారు. మా వీధిలో ఒక పెద్దావిడ ఆముదం రాసి బిడ్డని తిప్పుతుందంట, అమ్మ పిలుద్దామంటోంది. డాక్టర్లే చేత్తో తిప్పే ఈసీవీ అని ఒకటుందని యూట్యూబ్‌లో చూశాను కానీ చూస్తేనే భయమేసింది. నార్మల్ అవ్వాలని నాకు చాలా ఆశ. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను, పొద్దున్నే లేచి రాస్తున్నాను ఎందుకంటే నీకు టైమ్ తక్కువుంది. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, నా కూతురి ఈడుదానివి. ముందు ఒక్క మాట చెప్పేస్తా, మిగతాది నెమ్మదిగా చదువుకో: వచ్చే వారం నీకు చాలా ముఖ్యం, ఈసీవీకి నువ్వు పనికొస్తావో లేదో ఈ రెండు మూడు రోజుల్లోనే అడిగి తెలుసుకో, ఆముదం ఆవిడని మాత్రం ఇంటికి రానివ్వద్దు.

ఇంక పక్క మారడం సంగతి. లేచి కూర్చుని తిరగాలి, లేకపోతే బిడ్డ అడ్డం తిరుగుతుంది, పేగు మెడకి చుట్టుకుంటుంది అని నేను కాన్పుల వార్డులో ఉన్న పాతికేళ్ళ నుంచీ వింటూనే ఉన్నా. ఒక్కసారి ఆలోచించు, లోపల బిడ్డ నీళ్ళలో తేలుతూ ఉంటుంది, నువ్వు ఎటు తిరిగినా దాని పాటికి అది తిరుగుతూనే ఉంటుంది. 28 వారాలప్పుడు స్కాన్ చేస్తే ప్రతి నలుగురైదుగురిలో ఒక బిడ్డ తల పైకే ఉంటుంది, తర్వాత చాలామంది వాళ్ళంతట వాళ్ళే తిరిగిపోతారు, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. అలా మిగిలినవాళ్ళలో కొందరికి కారణం దొరుకుతుంది, ఉమ్మనీరు మరీ ఎక్కువో తక్కువో ఉండటం, మాయ కిందకి ఉండటం, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ), గర్భసంచి ఆకారంలో తేడా ఇలాంటివి, కానీ చాలామందికి ఏ కారణమూ కనపడదు. మొదటి కాన్పులో పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి, నీ బిడ్డలాగా కాళ్ళు నిటారుగా చాపేసుకుంటే తిరగడానికి తన్నుకునే వీలుండదు. నువ్వు ఎలా పడుకున్నావన్నదానికీ దీనికీ ఏ సంబంధం లేదు, ఈ ముక్క అత్తయ్యగారికి చదివి వినిపించు, డాక్టరమ్మ రాసిందని చెప్పు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని మన ఊళ్ళల్లో ఇప్పటికీ వాళ్ళని వెతుక్కుంటూ వెళ్తారు చూడు, అంటే ఊరికొకరైనా అలా పుట్టినవాళ్ళు ఉంటూ వచ్చారనేగా, ఇదేం కొత్తగా నీకొక్కదానికే వచ్చింది కాదు.

మీ డాక్టర్ గారు ఇంక తిరగదు అన్నారు. మొదటి కాన్పుకి 36 దాటాక దానంతట అది తిరిగేది నూటికి ఎనిమిది మందికి, కాబట్టి ఆ మాట చాలా వరకు నిజమే, అయితే దానంతట అది తిరగకపోవడం వేరు, తిప్పడానికి ప్రయత్నించకపోవడం వేరు. ఈసీవీ అంటే డాక్టర్ పొట్ట మీద చేతులు పెట్టి బయట నుంచే బిడ్డని తిప్పడం. మొదటి కాన్పు వాళ్ళకి 36 వారాల నుంచి చేస్తారు, ముందు కాన్పులు అయినవాళ్ళకి 37 నుంచి. అన్ని కాన్పులూ కలిపి చూస్తే సుమారు సగం మందికి సక్సెస్ అవుతుంది, నీలాంటి మొదటి కాన్పు వాళ్ళని మాత్రమే చూస్తే నూటికి 40 మందికి. నీ రిపోర్టులో ఉమ్మనీరు సరిపడా ఉంది, మాయ వెనక ఉంది, ఈ రెండూ నీకు కలిసొచ్చేవే, ఎందుకంటే మాయ ముందు వైపు ఉంటే చేతికి బిడ్డ సరిగ్గా అందదు. కాళ్ళు చాపి ఉండటం, మొదటి కాన్పు కావడం కొంచెం వెనక్కి లాగుతాయి. బిడ్డ పిర్రలు ఇప్పటికే కటిలోకి దిగిపోయాయా లేదా అన్నది చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలీదు, దిగిపోతే కష్టం, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా.

నువ్వు భయపడ్డావు కాబట్టి ఆ రోజు ఏం జరుగుతుందో చెప్తా. ఇంట్లో ఓ మూలన చేసే పని కాదిది, ఆపరేషన్ థియేటర్ పక్కనే ఉన్న చోట చేస్తారు. ముందు స్కాన్ చేసి తల ఎక్కడుందో ఇంకోసారి చూస్తారు (ఆ రోజుకి బిడ్డ తిరిగిపోయి నవ్వుకుంటూ ఇంటికెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు), ఓ ఇరవై నిమిషాలు పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె కొట్టుకోవడం పేపర్ మీద రికార్డ్ చేస్తారు, యూరిన్‌కి వెళ్ళి రమ్మంటారు. తర్వాత గర్భసంచి వదులవ్వడానికి ఒక ఇంజెక్షన్, దాంతో నీ గుండె దడదడలాడుతుంది, చేతులు కాస్త వణుకుతాయి, ముందే తెలిస్తే కంగారుండదు, కాసేపటికి తగ్గిపోతుంది. పొట్ట మీద జెల్ గానీ పౌడర్ గానీ రాస్తారు. అప్పుడు డాక్టర్ ఒక చెయ్యి నీ పొత్తికడుపు మీద పెట్టి బిడ్డ పిర్రల్ని కటిలోంచి పైకి ఎత్తి పట్టుకుంటారు, రెండో చెయ్యి పైన తల దగ్గర. తల చేతికి ఎలా తెలుస్తుందో చెప్పనా, డొక్క కింద గుండ్రంగా గట్టిగా ఉంటుంది, వేళ్ళతో చిన్నగా తడితే నీళ్ళలో కొబ్బరికాయలా అటు కదిలి మళ్ళీ వచ్చి చేతికి తగులుతుంది, పిర్రలు అలా కదలవు, మెత్తగా ఉంటాయి. నువ్వు కూడా నీ చేత్తో చూసుకోవచ్చు, ఆయాసం వచ్చేలా పక్కటెముకల కింద ఒత్తుతోందే, అదే తల. ఆ తలని గడ్డం ఛాతీకి ఆనేలా నెమ్మదిగా కిందకి, పిర్రల్ని పైకి, పిల్లలు మొగ్గ వేస్తారు చూడు అలాగ ముందుకి దొర్లిస్తారు. అటు నుంచి కుదరకపోతే ఇటు నుంచి ఇంకోసారి చూస్తారు. అసలు తిప్పడం కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదని చెప్పను, బాగా ఒత్తినట్టుంటుంది, కొందరికి కళ్ళ నీళ్ళు వస్తాయి, కానీ నువ్వు ఆపండి అన్న క్షణం ఆపెయ్యాలి, ఆపుతారు, ఆ మాట ముందే అడిగి ఒప్పించుకో. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఉంటే పొట్ట బిగుసుకోదు, మధ్యలో గుండె చప్పుడు చూస్తూనే ఉంటారు.

తిరిగినప్పుడు చేతి కింద ఒక్కసారిగా జారినట్టు తెలుస్తుంది, తల్లికీ తెలుస్తుంది, "ఏదో దొర్లింది మేడం" అంటారు చాలామంది. పోయినేడాది ఒకమ్మాయి నీలాగే మొదటి కాన్పు, రెండుసార్లు ప్రయత్నించినా తిరగలేదు, ఏడ్చింది, 39 వారాలకి ఆపరేషన్ అయ్యింది. అదే వారంలో రెండో కాన్పు ఆవిడకి నిమిషంలోపే తిరిగిపోయింది, 40 వారాలకి నొప్పులొచ్చి మామూలుగా కనింది. ఎవరికి ఏది అవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు.

రిస్క్ మాటేంటి అంటావు. తిప్పేటప్పుడు బిడ్డ గుండె వేగం తగ్గడం అప్పుడప్పుడు అవుతుంది, ఆపితే దాదాపు అందరికీ కాసేపట్లో మామూలైపోతుంది. మాయ ఊడటం, బ్లీడింగ్, గుండె కోలుకోకపోవడం లాంటివి వచ్చి వెంటనే ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చేది రెండొందల మందిలో ఒకరికి. థియేటర్ పక్కనుండాలి అనేది అందుకే. అయ్యాక మళ్ళీ బెల్టు కట్టి చూసి అదే రోజు ఇంటికి పంపిస్తారు. నీది నెగిటివ్ బ్లడ్ గ్రూప్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ మర్చిపోవద్దు, నువ్వు గ్రూప్ రాయలేదు. తిరిగిన బిడ్డ మళ్ళీ వెనక్కి తిరిగేది నూటికి ముగ్గురికి మాత్రమే. మాయ అడ్డం ఉన్నవాళ్ళకి, ఈమధ్య బ్లీడింగ్ అయినవాళ్ళకి, ఉమ్మనీరు పోయినవాళ్ళకి, కవలలకి, బిడ్డ గుండె రికార్డింగ్ బాలేనివాళ్ళకి చెయ్యరు. నువ్వు రాసినదాంట్లో ఇవేవీ లేవు, అయినా రిపోర్ట్ మొత్తం చూసిన డాక్టరే తేల్చాలి.

చాలా ఆస్పత్రుల్లో ఈసీవీ మాటే ఎత్తరు, చేసే అలవాటు పోయింది, టైమ్ పడుతుంది, ఆపరేషన్ అయితే అరగంటలో తేలిపోతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రాలో 42 ఆపరేషన్లే, దేశం మొత్తానికి 21 అయితే. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అవసరం ఉన్నప్పుడు ఆపరేషన్‌ని మించింది లేదు కానీ తప్పించగలిగినదాన్ని అడగనైనా అడక్కుండా ఎలా చేసేస్తాం. కాబట్టి మీ డాక్టర్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, గొడవ పడకుండా, "మేడం, నాకు ఈసీవీ చెయ్యొచ్చా, మీరు చెయ్యకపోతే చేసేవాళ్ళ దగ్గరికి రాసిస్తారా" అని అడుగు. గుంటూరు, విజయవాడ నీకు పక్కనే, మెడికల్ కాలేజీ ఆస్పత్రులకీ పెద్ద మెటర్నిటీ ఆస్పత్రులకీ మీ ఆయన్ని ఫోన్ చేసి కనుక్కోమను, ఎవరు చేస్తారు, ఏడాదికి ఎన్ని చేస్తారు అని కూడా అడగమను, సిగ్గుపడక్కర్లేదు.

ఇంక ఆముదం ఆవిడ. అమ్మ మంచికే అంటోంది, నాకు తెలుసు, వాళ్ళ రోజుల్లో మంత్రసానే దిక్కు. కానీ ఆవిడ చేతికి స్కాన్ లేదు, గుండె చప్పుడు వినే మెషిన్ లేదు, మాయ ఎక్కడుందో తెలీదు, ఏదైనా అయితే థియేటర్ లేదు. ఎనిమిదో నెల చివర్లో ఒకావిడకి ఇలాగే పొట్ట తోమించారు, సాయంత్రానికి పొట్ట బండలా బిగుసుకుపోయి బ్లీడింగ్‌తో మా దగ్గరికి వచ్చింది, మాయ ఊడిపోయింది, తల్లిని కాపాడగలిగాం, బిడ్డని కాదు. ఆ తోమడం వల్లేనని రుజువు చెయ్యలేను గానీ ఆ రాత్రి నేను మర్చిపోలేదు. చేత్తో తిప్పడం అంటే రెండూ ఒకటే కదా అనుకోకు తల్లీ.

మోకాళ్ళ మీద వంగి పిర్రలు పైకెత్తే ఆసనాలు, హోమియోలో పల్సటిల్లా, కాలి చిటికెన వేలి దగ్గర చైనా వాళ్ళు పెట్టే మోక్సా పొగ, ఇవన్నీ అడిగేవాళ్ళున్నారు. ఆసనాల వల్ల తిరుగుతుందని రుజువు లేదు, నీకు హాయిగా ఉంటే ఓ పది నిమిషాలు వంగితే నష్టమూ లేదు, మంచం మీంచి తల కిందకి వేలాడదీసేవి మాత్రం వద్దు, కళ్ళు తిరిగి పడతావు. మోక్సా మీద కొన్ని పరిశోధనల్లో కొంచెం ఉపయోగం కనపడింది, కొన్నిట్లో లేదు. వీటి కోసం ఈసీవీ వారం పోగొట్టుకోవద్దు, అంతే.

బ్రీచ్‌గానే నార్మల్ కనొచ్చా అని నువ్వు సూటిగా అడగలేదు కానీ నీ ఆశలో అది ఉందని అర్థమైంది. తల ముందు వస్తే, అన్నిట్లోకీ పెద్దదీ గట్టిదీ అయిన తల గంటల తరబడి సర్దుకుంటూ దారి చేసుకుంటుంది, మిగతా ఒళ్ళు జారి వచ్చేస్తుంది. పిర్రలు ముందు వస్తే తల ఆఖరున వస్తుంది, దానికి సర్దుకునే టైమ్ ఉండదు, అప్పటికే బొడ్డుతాడు నొక్కుకుపోయి ఉంటుంది, ఆ కొద్ది నిమిషాలు చేతి నేర్పు మీదే ఆధారం. 2000లో కెనడా డాక్టర్ మేరీ హన్నా వాళ్ళు 26 దేశాల్లో 2088 మంది తల్లులతో చేసిన పరిశోధన వచ్చింది, ముందే ఆపరేషన్ అనుకున్నవాళ్ళలో బిడ్డ చనిపోవడం లేదా సీరియస్ అవ్వడం 1.6 శాతం, నార్మల్‌కి ప్రయత్నించినవాళ్ళలో 5 శాతం అని తేలింది, దాంతో ప్రపంచమంతా ఆపరేషన్ వైపు మళ్ళింది. తర్వాత అదే పిల్లల్ని రెండేళ్ళ వయసులో చూస్తే రెండు గుంపులకీ తేడా కనపడలేదు, ఫ్రాన్స్, బెల్జియంలో 8 వేల మందిని చూసి 2006లో రాసినదాంట్లో కూడా సరిగ్గా ఎంచుకుని, అలవాటున్న చేతులతో చేస్తే పెద్ద తేడా లేదన్నారు. బ్రిటన్ డాక్టర్ల సంఘం లెక్క ఏంటంటే బిడ్డ ప్రాణం పోయే ప్రమాదం 39 వారాల తర్వాత ఆపరేషన్‌తో రెండు వేలల్లో ఒకటి, తల ముందున్న మామూలు కాన్పుతో వెయ్యిలో ఒకటి, బ్రీచ్ కాన్పుతో వెయ్యిలో రెండు. ఇవన్నీ అన్ని వసతులూ ఉన్న చోట లెక్కలు. నీ బిడ్డ ఉన్న తీరు, కాళ్ళు పైకి చాపి పిర్రలు ముందుండటం, బ్రీచ్‌లలో కొంచెం నయమైన రకమే, పాదం ముందున్నవాటికి అసలు ఒప్పుకోరు. కానీ ఇరవై ఏళ్ళుగా ఎవరూ చెయ్యక కొత్త డాక్టర్లకి ఆ చేతి పని నేర్చుకునే అవకాశమే రాలేదు. నీ దగ్గర్లో ఇది తరచూ చేస్తున్న టీమ్, రాత్రీ పగలూ ఉండేవాళ్ళు దొరికితే వాళ్ళతో మాట్లాడు, దొరక్కపోతే నేనైతే నా కూతురికి ఆపరేషన్ అనే చెప్తాను.

ఆపరేషన్ అయితే నువ్వు ఓడిపోయినట్టు కాదు, ఆ దిగులు పెట్టుకోకు. తర్వాతి కాన్పుకి నార్మల్ ప్రయత్నం చెయ్యడానికి బ్రీచ్ కోసం అయిన ఆపరేషన్ మంచి కేసుల్లో ఒకటి, ఎందుకంటే ఆ కారణం మళ్ళీ రావాలనేం లేదు, పదిమందిలో ఒకరికి వస్తుంది. ఈ మాట డిశ్చార్జ్ కాయితంలో "బ్రీచ్ వల్ల" అని రాయించుకో, పనికొస్తుంది.

కానీ ఆ ముహూర్తం మాత్రం మార్పించండి. 37 వారాల 2 రోజులకి నొప్పులు రాకుండా కోసి తీస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీళ్ళు సరిగ్గా ఆరక ఆయాసం వచ్చి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) పెట్టాల్సిన అవకాశం 39 కంటే బాగా ఎక్కువ. వేరే ఇబ్బంది ఏమీ లేనప్పుడు ఆపరేషన్ 39 వారాలు నిండాకే. అత్తయ్యగారి నమ్మకాన్ని కాదనక్కర్లేదు, పంతులుగారితో 39 నిండిన తర్వాత నాలుగైదు రోజుల్లో మంచి టైమ్ చూడమని చెప్పించండి, నేను మా పేషెంట్లకి ఇలాగే చెప్తాను, చాలామంది ఒప్పుకుంటారు. థియేటర్‌లోకి వెళ్ళే ముందు ఇంకోసారి స్కాన్ చెయ్యమని అడుగు, ఆఖరి రోజుల్లో తిరిగిన బిడ్డని చూడకుండా కోసిన సంగతులు విన్నాను.

ఈలోపు ఉమ్మనీరు పోయినా నొప్పులు మొదలైనా, రాత్రి రెండైనా సరే, వెంటనే ఆస్పత్రికి. కింద తాడులాంటిది తగిలిందనిపిస్తే దాన్ని లోపలికి తొయ్యొద్దు, మోకాళ్ళ మీద వంగి తల నేలకి ఆనించి పిర్రలు పైకి పెట్టి అలాగే ఉండు, ఇంట్లోవాళ్ళు 108కి ఫోన్ చెయ్యాలి. నీ రకం బ్రీచ్‌లో ఇది చాలా అరుదు, అయినా అమ్మకి చెప్పి ఉంచు.

చివరగా ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఇలా కాళ్ళు చాపుకుని పెరిగిన బిడ్డ పుట్టాక కూడా కొన్ని రోజులు పాదాలు మొహం దగ్గరికి పెట్టుకునే పడుకుంటుంది, చూసేవాళ్ళు కంగారు పడతారు, లాల పోసే ఆవిడ నూనె రాసి తన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆ చిన్న కాళ్ళని కిందకి లాగి నిటారుగా చెయ్యాలని చూస్తుంది. లాగనివ్వొద్దు. గుడ్డలో కాళ్ళు బిగించి చుట్టొద్దు. బ్రీచ్ పిల్లల్లో తుంటి కీలు వదులుగా ఉండే అవకాశం ఎక్కువ, అలా లాగితే కీలు పక్కకి జారొచ్చు. కాళ్ళు వాటంతట అవే కిందకి వస్తాయి. 36 వారాల తర్వాత బ్రీచ్‌గా ఉన్న బిడ్డకి, తర్వాత తిప్పినా సరే, నార్మల్ అయినా ఆపరేషన్ అయినా సరే, పుట్టిన ఆరో వారంలో తుంటి స్కాన్ చేయించాలి, ఇప్పుడే ఫైల్ అట్ట మీద రాసి పెట్టుకో. ఈసీవీ గురించి మీ డాక్టర్ గారు ఏమన్నారో నాకు తప్పకుండా రాయి.